హిమవీరుడు నాన్సెన్

ఐరోపాఖండపు ఉత్తరభాగమున నార్వే యను దేశము కలదు. అచట శీతకాలము మిక్కిలి దీర్ఘము. నెలల తరబడి కొండలును లోయలును మంచుచే కప్పబడి యుండును. ఆ మంచులో కాలు మోపినచో మోకాటిలోతు దిగబడును. అందుచే ఆ దేశీయులు సన్నని పొడవైన రెండు కర్రపలకలను పాదములకు కట్టుకొని, ఊతకర్ర పూని, మంచుపై జారుచు పోవుదురు. ఈ పలకలకే స్కీ లని పేరు. కాళ్లు, చేతులు, నడుము, ఊపిరితిత్తులు అన్నియు నొక్కసారిగా పనిచేయుటచే ఈ వ్యాయామము దీర్ఘకాలము శ్రమకోర్చు శక్తి నొసగును. ఈ విద్యచే లోకవిఖ్యాతి గాంచినవాడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన, నేడు ఓస్లో యని పిలువబడు నగరమునకు సమీపమున జన్మించెను. తండ్రి న్యాయవాది. తల్లి వ్యాయామప్రియురాలు, పిల్లలను ఆరుబయటి క్రీడల కలవాటు చేసెను. నాన్సెన్ పసితనముననే స్కీలపై నడువ నేర్చి, పెరిగిన పిమ్మట అడవులలో నొంటరిగా తిరుగుచుండెను. విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము చదివి, 1882లో బెర్గెన్ నగరపు మ్యూజియములో నుద్యోగమున చేరెను. స్కీ విద్య ఆయనకు జీవనోపాధి కాదు. తీరిక వేళల సాధన మాత్రమే. అయినను 1884 శీతకాలమున ఒక పోటీలో పాల్గొనుటకై బెర్గెన్ నుండి రాజధానికి పర్వతములమీదుగా స్కీలపై ప్రయాణము చేసెను.

ఆ కాలమున గ్రీన్‌లాండు ద్వీపపు మంచుపీఠభూమిని ఈ తీరమునుండి ఆ తీరమునకు దాటినవా రెవరును లేరు. అంతకు పూర్వము యత్నించినవారు జనావాసములుగల పశ్చిమతీరమున బయలుదేరి, కష్టము కలిగినంతనే వెనుకకు మరలిరి. నాన్సెన్ తూర్పుతీరమున బయలుదేర నిశ్చయించెను. అచట ఆశ్రయము లేదు. ముందునకు సాగుట తప్ప వేరు గతి లేదు. పలువు రిది పిచ్చితన మనిరి. నార్వే ప్రభుత్వము ధనసహాయము నిరాకరించెను. డెన్మార్కు దేశపు వర్తకు డొకడు ఆ ధనము నిచ్చెను.

అయితే ఇది గ్రుడ్డిసాహసము కాదు. తేలికగా జారు బండ్లను, తక్కువ ఇంధనముతో వండు పొయ్యిని ఆయన స్వయముగా రూపొందించెను. శ్రమకోర్చు నేర్పరులైన ఐదుగురిని తోడుగా నెన్నుకొనెను. వారిలో ఇద్దరు ఉత్తరదేశపు సామీ జాతివారు.

1888 ఆగస్టు నడుమ ఆ ఆరుగురు బండ్లను లాగుచు మంచుపై కెక్క నారంభించిరి. 2,700 మీటర్లకు మించిన ఎత్తున రాత్రివేళ చలి సున్నకు దిగువ 45 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోయెను. చుట్టును మంచే యైనను త్రాగ నీరు లేదు. సీసాలలో మంచు నింపి, దేహమున కానించి కరిగించుకొనిరి. వెంట తెచ్చిన ఎండుమాంసమున క్రొవ్వు లోపించుటచే ఎంత తినినను ఆకలి తీరదయ్యెను. అయినను ఒక్కరును వెనుదిరుగలేదు. సెప్టెంబరు చివర పశ్చిమతీరమును చేరిరి. అప్పటికే ఆ సంవత్సరపు కడపటి ఓడ చేజారుటచే శీతకాలమంతయు అచటనే గడపి, 1889లో స్వదేశము చేరిరి. ఈ యాత్రను గూర్చి నాన్సెన్ వ్రాసిన గ్రంథముచే స్కీ విద్య మధ్యఐరోపాయందును వ్యాపించెను.

పిమ్మట 1893లో ఫ్రామ్ అను ఓడపై ఉత్తరధ్రువమువైపు బయలుదేరెను. 1895లో ఓడను విడిచి, ఒక్క సహచరునితో, కుక్కబండ్లతో స్కీలపై నడచి, అంతవరకు మానవు డెరుగని 86 డిగ్రీల ఉత్తర అక్షాంశమును దాటెను. శీతకాలమును రాతిగుడిసెలో గడపి 1896లో క్షేమముగా మరలివచ్చెను.

మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆ దేహబలము, ఆ పట్టుదల పరులసేవకు వినియోగపడెను. నానాజాతిసమితి పక్షమున నాలుగు లక్షలకు పైబడిన యుద్ధఖైదీలను స్వదేశములకు చేర్చెను. రష్యా కరవుబాధితుల కన్నము సమకూర్చుటకు పాటుపడెను. దేశము కోల్పోయిన శరణార్థులకు నాన్సెన్ పాస్‌పోర్టను అనుమతిపత్రము నిప్పించెను. 1922లో నోబెల్ శాంతిబహుమతి నొంది, ఆ ధనమును సహాయకార్యములకే వెచ్చించెను. 1930 మే 13వ తేదీన పరమపదించెను.

విద్యార్థులారా! మన ఊళ్లలో మంచు కురియదు. స్కీలతో మనకు పని లేదు. కాని నడకయు, ఈతయు, పరుగును మనకు కలవు. తిరుగుదారి లేని చోట నాన్సెన్‌ను నిలిపినది నాటి ధైర్యము మాత్రమే కాదు, బాల్యమునుండి మానక చేసిన సాధన. ఆట కొరకు కూడబెట్టిన ఆ బలమే తుదకు ఆర్తుల పాలిటి అండ యయ్యెను.