ఎవరీ రుడాల్ఫ్ డీజిల్? పికప్ బండికి గుండెనిచ్చాడు.. నడిసముద్రంలో మాయమయ్యాడు!

మార్కాపురం పలకల క్వారీ దగ్గర లోడ్ ఎత్తాలన్నా, గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ దాటి నంద్యాలకు సరుకు తోలాలన్నా ఈ ప్రాంతంలో డీజిల్ పికప్ ఉండాల్సిందే. పొద్దున్నే బండి స్టార్ట్ కాలేదంటే ఆ రోజు కిరాయి పోయినట్టే. అయితే డీజిల్ అనేది మొదట ఆయిల్ పేరు కాదు, ఓ మనిషి పేరు. ఇప్పుడు మన షెడ్లలో వినిపించే రిపేర్లతో 130 ఏళ్ల క్రితమే కుస్తీ పట్టిన మనిషి.

యుద్ధంతో చెదిరిన బాల్యం

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. 1870లో ఫ్రాన్స్‌కు, ప్రష్యాకు యుద్ధం రావడంతో కుటుంబం లండన్‌కు వెళ్లిపోయింది. 12 ఏళ్ల పిల్లాడిని జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపేశారు. అక్కడే చదువుకుని, తర్వాత మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. ఆవిరి ఇంజన్లో బొగ్గు వేడి చాలావరకు వృథా అయిపోతోందని క్లాసులో విన్న మాట ఆయన్ని వదల్లేదు.

స్పార్క్ లేని ఇంజన్

సైకిల్ పంపు గట్టిగా కొడితే అడుగున వేడెక్కుతుంది కదా.. ఆయన ఆలోచనా అదే. సిలిండర్లో గాలిని బాగా నొక్కితే అది కాగిపోతుంది. అందులోకి ఇంధనం చిమ్మితే స్పార్క్ ప్లగ్ లేకుండానే అంటుకుంటుంది. 1893లో దీనికి పేటెంట్ వచ్చింది.

చేతల్లోకి వచ్చేసరికి చుక్కలు కనిపించాయి. ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో 1893 ఆగస్టు 10న తొలి పరీక్షలోనే ప్రెజర్ కొలిచే పరికరం పేలిపోయింది. డీజిల్ తృటిలో బయటపడ్డాడు. పిస్టన్ పక్కనుంచి గాలి లీకు, ఇంధనం సరిగా చిమ్మకపోవడం, నల్లటి పొగ.. ఒకటి సరిచేస్తే ఇంకోటి. 1894 ఫిబ్రవరి 17న ఇంజన్ తనంతట తాను తిరిగింది. అదీ ఒక్క నిమిషం! ఫ్యాక్టరీ అధిపతి హైన్రిష్ బూట్స్ మాత్రం చెయ్యి వదల్లేదు. చివరికి 1897లో జరిగిన అధికారిక పరీక్షలో ఇంధనం వేడిలో 26 శాతానికి పైగా పనిగా మారినట్టు తేలింది. అప్పటి మామూలు ఆవిరి ఇంజన్లకు 10 శాతం రావడమే గొప్ప.

పేరొచ్చింది.. నిద్ర పోయింది

లైసెన్సులు అమ్మడంతో బాగా డబ్బొచ్చింది. కానీ కొన్నవాళ్ల దగ్గర ఇంజన్లు మొరాయించాయి, ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఒత్తిడికి ఆరోగ్యం దెబ్బతిని కొంతకాలం చికిత్స తీసుకోవాల్సి వచ్చింది. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో ఓ డీజిల్ ఇంజన్‌ను ఏకంగా వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. పంట నూనెతో రైతు సొంతంగా ఇంజన్ తిప్పుకోవచ్చన్న ఆశ ఆయనకు చివరిదాకా ఉంది.

అటు భూముల బేరాలు, పెట్టుబడులు డబ్బును మింగేశాయి. అప్పులు పెరిగాయి. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఆంట్వెర్ప్ నుంచి ఇంగ్లండ్ వెళ్లే డ్రెస్డెన్ ఓడ ఎక్కాడు. భోంచేసి గదికి వెళ్లాడు. తెల్లారేసరికి లేడు. దాదాపు పది రోజులకు సముద్రంలో ఓ శవం దొరికింది. జేబులోని వస్తువులు చూసి తండ్రివేనని కొడుకు గుర్తుపట్టాడు. ఆత్మహత్యా, ప్రమాదమా, హత్యా? ఇప్పటికీ తేలలేదు. అప్పటికి ఆయన వయసు 55.

మన బండి రిపేర్లూ అవే

ఆయన బతికుండగా డీజిల్ ఇంజన్ లారీల్లో నిలదొక్కుకోలేదు. ఇంధనం చిమ్మడానికి పెద్ద కంప్రెసర్ కావాల్సి వచ్చేది. 1920ల్లో బాష్ కంపెనీ చిన్న ఇంజెక్షన్ పంపు తెచ్చాకే రోడ్ల మీద నిలదొక్కుకుంది. కానీ సూత్రం మారలేదు కాబట్టి తిప్పలూ మారలేదు.

పలకల దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి చాలదు, నల్ల పొగ వస్తుంది, ఘాట్‌లో బండి గుంజదు. పిస్టన్ రింగులు అరిగితే కంప్రెషన్ పడిపోతుంది. ఇంజన్ ఆయిల్ తాగుతూ నీలి పొగ కక్కుతుంది. చలి పొద్దున మొండికేస్తే హీటర్ ప్లగ్‌లు, బ్యాటరీ చూడాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే లైన్లో ఎయిర్ పడుతుంది, పంపు కొట్టి ఆ గాలి తీసేదాకా బండి కదలదు. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు ఎప్పటికప్పుడు వదిలేయాలి. లేదంటే నాజిల్స్, పంపు పోయి రిపేరు ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

గాలి, కంప్రెషన్, శుభ్రమైన ఇంధనం. ఆగ్స్‌బర్గ్ షెడ్డులో రుడాల్ఫ్ డీజిల్ నాలుగేళ్లు తంటాలు పడింది ఈ మూడింటితోనే. మార్కాపురం మెకానిక్ ఇవాళ బానెట్ ఎత్తి ముందుగా వెతికేదీ వీటినే.