అగస్టీను – కృపయు, మన చిత్తమును

ధ్యాన భాగము: ఫిలిప్పీయులకు 2:12, 13



మన సంఘములలో రెండు విధములైన వారిని చూచుచుందుము. దేవుని కృప కలిగిననాడు మారుదుములెమ్మని పాపములోనే నిలిచియుండువారు కొందరు. మా పట్టుదలచేతనే కల్లు మానితిమి, మా శక్తిచేతనే నీతిగా బ్రదుకుచున్నామని అతిశయపడువారు మరికొందరు. ఈ ఉభయులకును బుద్ధి చెప్పగల జీవితము హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీనుది.

ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశమందలి తగస్తె అను చిన్న పట్టణమున 354లో అతడు పుట్టెను. తల్లి మోనికా భక్తురాలు. తండ్రి పత్రికియసు చాలకాలము అన్యుడై యుండి, మరణమునకు ముందు బాప్తిస్మము పొందెను. కుమారుడు చదువులో మేటి. అయితే యౌవనమందే దారి తప్పెను. వివాహము లేకయే ఒక స్త్రీతో కాపురముండి కుమారుని కనెను. మానికేయులను వారి బోధను ఇంచుమించు తొమ్మిదేండ్లు వెంబడించెను. పాపము చేయునది తాను కాదు, తనలోని వేరొక చీకటి స్వభావమని ఆ బోధ చెప్పుచుండెను. అది అతనికి వినుటకు హాయిగా నుండెను. తల్లి మాత్రము కన్నీటితో ప్రార్థించుట మానలేదు.

384లో అతడు ఇటలీలోని మిలాను నగరమున ఉపాధ్యాయుడాయెను. అక్కడి బిషప్పు ఆంబ్రోసు ప్రసంగములు విని, సత్యము క్రీస్తునందే యున్నదని గ్రహించెను. గ్రహించియు మారలేకపోయెను. పవిత్రత కావలెనని అడుగుచునే, అది ఇప్పుడే వద్దని లోలోపల కోరుకొనుచుండెను. చేతిని లెమ్మనిన చేయి లేచును గాని, మనస్సును మారుమనిన మనస్సు మాట వినలేదు. 386లో ఒక తోటలో కూర్చుండి ఏడ్చుచుండగా, పుస్తకము తీసి చదువుమని ఒక బిడ్డ పాడుచున్నట్లు వినబడెను. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో 13వ అధ్యాయపు చివరి మాటలు చదివెను. అంతటితో అతని కట్లు తెగెను. 387 ఈస్టరు పండుగకు ఆంబ్రోసు అతనికి బాప్తిస్మమిచ్చెను. మోనికా ఆ సంతోషము కన్నులార చూచి, ఆ యేడే ప్రభువునందు నిద్రించెను.

అగస్టీను 391లో హిప్పోలో గురువై, కొన్ని యేండ్లకు బిషప్పాయెను. ఆ కాలమున పెలగియసను బోధకుడు, మనుష్యుడు తలచుకొనిన తన స్వశక్తిచేతనే దేవుని ఆజ్ఞలన్నియు నెరవేర్చగలడని నేర్పుచుండెను. తన కట్లు తాను తెంపుకొనలేనని అనుభవమువలన ఎరిగిన అగస్టీను దానిని గట్టిగా ఎదిరించెను. 418లో కార్తేజీలో కూడిన సభ ఆ బోధను త్రోసివేసెను.

అయితే మరియొక చిక్కు పుట్టెను. 426 ప్రాంతమున హద్రుమేతు మఠములోని సన్యాసులు, సమస్తమును కృపయే అయినయెడల తప్పు చేసినవానిని గద్దింపనేల, వానికొరకు ప్రార్థించిన చాలదా అని వాదులాడుకొనిరి. వృద్ధుడైన అగస్టీను వారికొరకు రెండు గ్రంథములు వ్రాసెను. మనకు చిత్తమే లేనియెడల దేవుడు ఆజ్ఞలిచ్చుట వ్యర్థము. మన చిత్తమే చాలునయెడల ప్రార్థించుట వ్యర్థము. గద్దింపు కూడ దేవుడు వాడుకొను సాధనమే అని అతడు బోధించెను.

వాన దేవునిది, దుక్కి మనదియని మనము తరచుగా సగము సగము పంచుకొందుము. అగస్టీను ఆ పంపకమునకు ఒప్పుకొనడు. దున్ను చేతికి బలమును, దున్నవలెనను మనస్సును కూడ దేవుడిచ్చినవే. అయినను దున్నువాడు మనుష్యుడే. వాన కురిసియు నాగలి పట్టనివాడు సాకు చెప్పలేడు. పంట ఇంటికి తెచ్చినవాడు అతిశయపడలేడు.

430లో వాండలులు హిప్పోను ముట్టడించియుండగా అగస్టీను మంచము పట్టెను. నలువదేండ్లు దేవుని సేవించిన ఆ భక్తుడు, పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి గోడకు పెట్టించుకొని, వాటిని చదువుచు కన్నీరు విడుచుచుండెను. ఆగస్టు 28న కన్నుమూసెను. తన సేవను లెక్కకు తీసికొనక, కృపనే పట్టుకొని పోయెను.

ప్రియులారా, మారవలెనని నేడు మీలో చిన్న కోరిక పుట్టినయెడల అది మీ సొంతమని యెంచకుడి. దేవుడు మీలో పని మొదలుపెట్టియున్నాడు. కనుక రేపటికి వాయిదా వేయక నేడే లెండి. లేచినవారు తమ్ము తాము పొగడుకొనక ఆయనను స్తుతింతురు గాక.