ఆళ్వారుస్వామి చూసిన ఊరు

మాఘమాసం దాటేసరికి ఆర్మూరు చుట్టుపట్ల పల్లెల్లో కల్లాలన్నీ పసుపుతో నిండుతాయి. తవ్వేవారు, కొమ్మునూ మండనూ వేరుచేసేవారు, ఉడకబెట్టేవారు, ఎండబోసేవారు ఒకే కులానికి చెందినవారు కారు. పంట మార్కెట్ యార్డుకు చేరాక ఏ సంచి మీదా ఎవరి కులమూ కనబడదు. ఇక్కడి రైతుల ఐక్యత దేశమంతటికీ తెలుసు. పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు స్థానం నుంచి 170 మందికి పైగా రైతులు బరిలో నిలిచారు. ఇదే ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీ మాట కాదన్నందుకు దళిత కుటుంబాలనూ, అడిగిన సొమ్ము కట్టనందుకు గీత కార్మికులనూ వెలివేసిన వార్తలు కూడా తరచూ వస్తున్నాయి. వారితో మాట్లాడినవారికి దండుగ వేస్తారు. కిరాణా కొట్టులో సరుకు ఇవ్వరు, పొలం పనికి పిలవరు. ధర కోసం ఒక్కటైన ఊరే మనిషిని వెలివేయడానికీ ఒక్కటవుతున్నది. ఈ వైరుధ్యాన్ని గురించి ఆలోచించే విద్యార్థులు వట్టికోట ఆళ్వారుస్వామి జీవితాన్ని ఒకసారి తిరిగి చూడాలి. ఆయన తొలి నవల ‘ప్రజల మనిషి’ నడిచేది నిజామాబాదు ప్రాంతంలోనే.

ఆయన 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా నకిరేకల్ సమీపంలోని మాదారంలో ఒక పేద వైష్ణవ కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేస్తూ, ఆయన వద్దనే చదువు నేర్చాడు. విజయవాడలో హోటలు సర్వరుగా పనిచేశాడు. హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. తెలుగు నవలాకారులలో పరుల ఎంగిలి పళ్ళెం ఎత్తి బతికినవారు ఎందరో లెక్కపెడితే పెద్ద జాబితా రాదు. అగ్రవర్ణంలో పుట్టినా అన్నం కోసం ఊడిగం చేసిన ఆ అనుభవమే, పనిచేసే మనిషి పక్కన కూర్చోవడం ఆయనకు నేర్పిందని నా అభిప్రాయం.

1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి ముప్పైకి పైగా పుస్తకాలు వెలువరించాడు. నిజాం రాజ్యంలో తెలుగు బడికే దిక్కులేని కాలమది. పుస్తకాల మూట తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆంధ్ర మహాసభలోనూ, తర్వాత కమ్యూనిస్టు పార్టీలోనూ పనిచేశాడు. రిక్షా కార్మికుల సంఘాన్ని కూడా నడిపాడు.

జైలు ఆయనకు మరో బడి. నిజామాబాదు ఖిల్లా జైలులో దాశరథి ఆయన సహఖైదీ. గోడ మీద బొగ్గుతో దాశరథి పద్యాలు రాసిన ఉదంతం తెలంగాణ విద్యార్థులందరికీ పరిచితమే. ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. కవి నిజాం మీద పద్యం కడుతున్నప్పుడు కథకుని చూపు దొంగతనానికో హత్యకో శిక్షపడి పక్క గదుల్లో మగ్గుతున్న మామూలు ఖైదీల మీద నిలిచింది. ‘జైలు లోపల’ కథలలో ఉన్నది వారే. రాజకీయ ఖైదీగా తనకున్న గౌరవాన్ని పక్కనబెట్టి, నేరస్థుడని లోకం వెలివేసినవానిని ఆ నేరానికి నెట్టిన పరిస్థితులేమిటో విచారించాడు. ఆ కరుణలో జాలిపడేవాడి ఎత్తు కనబడదు.

‘ప్రజల మనిషి’ 1955లో వచ్చింది. కథ జరిగే పల్లె దిమ్మెగూడెం. దేశముఖు రామభూపాలరావు మాటే అక్కడ చట్టం. వెట్టి, భూముల కబ్జా, దళితుల మతమార్పిడి, దానికి పోటీగా శుద్ధి, వీటన్నిటినీ రచయిత దాపరికం లేకుండా చూపాడు. దళితులు ఏ మతంలో ఉన్నారన్నదాని కోసం పెద్దలు పోటీపడ్డారు. వారి చేతిలో భూమి ఉందా, మెడమీద వెట్టి ఉందా అన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. వైష్ణవ కుటుంబంలో పుట్టిన కథానాయకుడు కంఠీరవం ఆ ప్రశ్న పట్టుకునే ప్రజల మనిషి అవుతాడు.

ఇక్కడొక అభ్యంతరం ఉన్నది, అది న్యాయమైనదే. నాయకత్వం అగ్రవర్ణ యువకునిదే అయింది. దళితుడు తన కథకు తానే కర్త కాలేదు. 1922 నాటి ‘మాలపల్లి’లో ఉన్నవ సంగదాసును నాయకుణ్ణి చేసి ఉండగా, మూడు దశాబ్దాల తర్వాత వచ్చిన నవలలో ఈ లోటు మరింతగా కనిపిస్తుంది. అయినా ఒక విషయంలో ఆళ్వారుస్వామి తడబడలేదు. దేశముఖు చుట్టూ చేరిన ఐక్యతను ఆయన ఊరుగా ఒప్పుకోలేదు. ఇప్పుడు దేశముఖులు లేరు; వెలి తీర్మానం మీద సంతకాలు చేసేవారిలో ఒకప్పుడు వెట్టిచేసిన కులాలవారు కూడా ఉంటున్నారు. దిమ్మెగూడెం గడీని గుర్తుపట్టినంత తేలికగా ఈ కమిటీ గదిని గుర్తుపట్టలేం.

తర్వాతి నవల ‘గంగు’ ఆయన చేతుల్లో పూర్తి కాలేదు. 1961 ఫిబ్రవరి 5న నలభై అయిదేళ్ళకే కన్నుమూశాడు. అసంపూర్ణ ప్రతి 1965లో అచ్చయింది. తెలంగాణ పల్లె కథను నవలల్లో చెప్పే పని ఆ తర్వాత దాశరథి రంగాచార్య అందుకున్నాడు.