రాయవేలూరు డాక్టరమ్మ

రాయవేలూరు నుంచి గుడియాత్తం పోయే బాటలో, పాలేటి ఒడ్డున విరించిపురమనే పాత ఊరున్నది. అక్కడి శివునికి మార్గబంధువని పేరు. దారి పొడుగునా తోడుండేవాడని దానికి అర్థం. అప్పయ్య దీక్షితులవారు ఆ స్వామిమీద స్తోత్రము చెప్పినారు. ప్రయాణమై పోయేవారు నేటికీ దానిని చదువుకొంటారు. నూరేళ్లకు పూర్వం ఆ ప్రాంతపు బాటలమీదనే ఒక వైద్యురాలు మందుల పెట్టెలతో తిరిగి, రోగులకు తోడైనారు. ఆమె డాక్టర్ ఐడా సోఫియా స్కడ్డరు. ప్రవాసాంధ్ర సోదర సోదరీమణులకు ఉగాది శుభాకాంక్షలు తెలుపుతూ, ఆమె చరిత్రను నాకు తెలిసినంతలో మనవి చేస్తున్నాను.

ఆమె తాతగారు 1819లో అమెరికా నుంచి ఓడమీద సిలోనుకు వచ్చిన మిషనరీ వైద్యుడు. తండ్రిగారూ వైద్యుడే. ఐడా 1870 డిసెంబరు 9వ తేదీన రాణీపేటలో పుట్టినారు. బాల్యంలో కరువు చూచినారు, ఆకలి చావులు చూచినారు. చదువుకు అమెరికా పోయిన పిమ్మట, మరల ఈ దేశంలో కాపురముండాలని ఆమెకు ఏ కోశానా లేదు.

తల్లికి జబ్బు చేసిందని తిండివనానికి వచ్చినప్పుడు ఒక రాత్రి జరిగిన సంగతి ఆమె మనస్సును మార్చినది. ముగ్గురు మగవారు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టినారు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనలో ఉన్నారు. ముగ్గురూ ఆడమనిషే రావాలన్నారు. ఐడాకు అప్పటికి వైద్యం రాదు. వైద్యం వచ్చిన తండ్రిగారు మగవాడైనందున వారు ఒప్పుకొనలేదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోయినారు. ఆ మరణాలకు మందు లేకపోవడం కారణం కాదు. మందు తెలిసినవారు గోడకు ఇవతలనే ఉన్నారు. ఆడరోగి తన మానమర్యాదలకు భంగం లేకుండా వైద్యం పొందే దారి ఒక్కటే లేకపోయినది.

ఐడా మరల అమెరికా వెళ్లి, 1899లో న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో పట్టం పుచ్చుకొన్నారు. 1900లో వేలూరు చేరి, ఇంటిలోనే ఒక చిన్న గదిలో చికిత్స మొదలుపెట్టినారు. ఆ యేడే తండ్రిగారు కాలం చేసినారు. షెల్ అనే ధనవంతుడు తన భార్య జ్ఞాపకార్థం యిచ్చిన పదివేల డాలర్లతో 1902లో 40 పడకల ఆసుపత్రి లేచినది. తరువాత ఆమె వారం వారం గుడియాత్తం పోయి వైద్యం చేయసాగినారు. దారిలో రోగులు బండికి అడ్డం వచ్చేవారు. ఊరివారు దగ్గరకు రానివ్వని కుష్ఠురోగులూ అందులో ఉండేవారు. అందుచేత చెట్ల నీడన ఆగి మందులిచ్చే పద్ధతి ఏర్పడినది. ఆసుపత్రికి రాలేనివాని దగ్గరకు ఆసుపత్రే పోవాలనే మాట అక్కడ ఆచరణలోకి వచ్చినది.

అయితే డాక్టరు ఒక్కరే ఎంతకని చాలుతారు? ఆమె 1909లో నర్సుల శిక్షణ పాఠశాల పెట్టించినారు. ఆ పనిలో డీలియా హౌటన్ అనే నర్సు ఆమెకు కుడి భుజమైనారు. ఆ రోజులలో పరాయివారి పుండ్లు కడగడం, మలమూత్రాలెత్తడం నీచమైన పని అని మనవారి అభిప్రాయం. పరువుగల కుటుంబాలు ఆడపిల్లలను పంపేవి కావు. అటువంటి కాలంలో ధైర్యం చేసి వచ్చిన బాలికలే ఆ విద్యకు గౌరవం తెచ్చినారు. 1946లో ఆ పాఠశాల మద్రాసు విశ్వవిద్యాలయం క్రింద డిగ్రీ కళాశాల అయినది. దేశంలో నర్సులకు డిగ్రీ యిచ్చిన మొదటి కళాశాలలలో అది ఒకటి.

1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచినప్పుడు, ఆడపిల్లలు గట్టెక్కుతారా అని అధికారులు సందేహించినారు. తొలి యేడు పరీక్షకు కూర్చున్న పద్నాలుగురూ నెగ్గి వారి సందేహం తీర్చినారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరు అయినవారు విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్. మన తెలుగుగడ్డకు అది గర్వకారణం. ఐడా 1960 మే నెలలో కొడైకెనాలులో తొంభయ్యో యేట కన్ను మూసినారు.

ఇక నర్సు సంగతి. డాక్టరు వచ్చి చూచి వెళ్లేది కొన్ని నిమిషాలు. రోగి ప్రక్కన రాత్రింబవళ్లు ఉండేది నర్సు. నొప్పి తగ్గలేదని డాక్టరుతో చెప్పడానికి పేదవాడు భయపడతాడు. మందు పడలేదని చెప్పడానికి ఇల్లాలు సిగ్గుపడుతుంది. ఆ మాట డాక్టరు చెవిని వేయవలసినది నర్సే. ఆపరేషను కాగితం మీద వేలిముద్ర వేసే ముందు, అందులో ఏమున్నదో రోగికి వాని భాషలో తెలిసిందా లేదా అని చూడవలసినదీ ఆమెయే. దీనికి పెద్ద డిగ్రీ అవసరం లేదు. పల్లెలలో తిరిగే ఎ.ఎన్.ఎం. అయినా ఈ పని చేయగలదు.

రైల్వే టిక్కెట్టు కిటికీ దగ్గర పనిచేసే మాకు ఇది బాగా అర్థమౌతుంది. ఆసుపత్రి చీటీ చేత పట్టుకొని కాట్పాడికి టిక్కెట్టడిగే తెలుగువారు ఎందరో. అందులో చాలామందికి అరవం రాదు, ఇంగ్లీషు రాదు. కాట్పాడిలో దిగిన తరువాత వారి తరఫున మాట్లాడే నోరు ఒకటి కావాలి.

2018లో జాతీయ మానవ హక్కుల కమిషను రోగులకు 17 హక్కులు చెబుతూ ఒక పత్రం తయారుచేసినది. జబ్బు సంగతి తెలుసుకొనే హక్కు, అంగీకారం అడిగిన తరువాతనే చికిత్స పొందే హక్కు అందులో ఉన్నవి. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు ఆడరోగి ప్రక్కన మరొక స్త్రీ ఉండవచ్చునని కూడా ఉన్నది. తిండివనంలో ఆ రాత్రి ముగ్గురు తల్లులకు లేకపోయినది అటువంటి తోడే గదా! గోడకు అంటించిన కాగితం తనంతట తాను మాట్లాడదు. దానిని రోగికి చదివి చెప్పే మనిషి వార్డులో ఉండాలి.

కనుక మన సంఘ కుటుంబాలకు నా విన్నపము. ఆసుపత్రికి పోయినప్పుడు నర్సును కసరుకొనక, అమ్మా అని పలకరించండి; తెలియనిది అడిగి తెలుసుకోండి. మీ అమ్మాయి నర్సు చదువుతానంటే అడ్డు చెప్పకండి. భాష రాని మన రోగి ప్రక్కన నిలబడి రెండు తెలుగు మాటలు చెప్పగల బిడ్డ ఇంటికొకతె ఉంటే, అంతకు మించిన తోడు ఏమి కావాలి? ఈ కొత్త సంవత్సరము అందరికీ ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక!