లోడు లాగిన ఇంజన్.. బతుకు బండి లాగలేని డీజిల్

డీజిల్ అంటే మనకు బంకులో పోసే ఆయిలే. అసలది ఓ మనిషి ఇంటిపేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టారు. అమ్మానాన్నలు జర్మన్లు. 1870లో యుద్ధం రావడంతో ఆ కుటుంబం లండన్‌కు వలసపోయింది. పన్నెండేళ్ల పిల్లాడిని చదువుకని జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో బంధువులింటికి పంపేశారు. ఉన్న దేశం ఒకటి, అమ్మానాన్నల దేశం ఒకటి అయితే ఎలా ఉంటుందో ఆయనకు చిన్నప్పుడే తెలిసొచ్చింది.

ఆవిరి ఇంజన్లు బొగ్గు వేడిని చాలావరకు వృథా చేస్తాయని మ్యూనిక్‌లో చదివేటప్పుడు విన్నారు. అది బుర్రలో నాటుకుంది. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఆయిల్ మండాలి, నిప్పురవ్వ అక్కర్లేదు.. ఇదీ ఆయన పట్టిన దారి. నాలుగేళ్ల తంటాల తర్వాత 1897లో 20 హెచ్‌పీ ఇంజన్ నడిచింది. ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనికి మార్చింది.

పేరొచ్చింది, డబ్బొచ్చింది. ఆ డబ్బు నిలవలేదు. పేటెంటు తగాదాలు, అనారోగ్యం, పైన అప్పులు. 1913 సెప్టెంబరు 29 రాత్రి బెల్జియం నుంచి ఇంగ్లండ్ వెళ్లే ఓడలో భోంచేసి గదికి వెళ్లారు. తెల్లారేసరికి లేరు. తర్వాత సముద్రంలో దొరికిన శవం మీది వస్తువులను కొడుకు గుర్తుపట్టారు. ఆయనకప్పుడు 55 ఏళ్లు. ఎలా పోయారో నేటికీ తేలలేదు.

డీజిల్ లారీలు మార్కెట్లోకొచ్చింది 1920ల్లో. తక్కువ స్పీడులోనే బరువు లాగడం, ఆయిల్ పొదుపు ఈ ఇంజన్ గుణాలు. రోజూ తిరగడానికి మోత, పొగ భరించాలి. అయినా వెనక ట్రాలీ తగిలించి లాగాలంటే పాత డీజిల్ పికప్పునే నమ్ముకునేవాళ్లున్నారు. ఆ లాగుడును ఆయన రోడ్డు మీద చూడలేకపోయారు.