గాజు తొట్టిలో సముద్రం: ఫిలిప్ హెన్రీ గాస్ జీవితం

మొన్న చలికాలంలో మా ఏడో తరగతి పిల్లలను గోపాల్‌పూర్ తీరానికి తీసుకెళ్లాం. బరంపురం నుంచి అది పట్టుమని 20 కిలోమీటర్లు లేదు. తిరిగొచ్చేటప్పుడు ఒక పిల్లవాడు మంచినీళ్ల సీసాలో సముద్రపు నీళ్లు పట్టి, అందులో గోరంత పీతను వేసుకొచ్చాడు. మూత బిగించి తరగతి కిటికీలో పెట్టుకున్నారు. మర్నాడు బడి గంట కొట్టేసరికి పీత చచ్చిపోయింది. నీళ్లు కంపు కొట్టాయి. నీళ్లు ఆ సముద్రానివే కదా, మరి ఎందుకు చచ్చిపోయిందని పిల్లలు అడిగారు. గాలి ఆడక అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అది సగం జవాబే. మిగతా సగం వెతుక్కుంటూ వెళ్తే మాకు ఒక మనిషి జీవితం దొరికింది. ఆయన కూడా కొంతకాలం మాలాగే బడిపంతులు. అక్వేరియం అని ఈరోజు మనమంతా అనే మాటను వాడుకలోకి తెచ్చింది ఆయనే. పేరు ఫిలిప్ హెన్రీ గాస్.

రేవు పట్టణంలో బాల్యం

గాస్ 1810 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని వూస్టర్‌లో పుట్టాడు. తండ్రి థామస్ ఊరూరా తిరిగి చిన్న చిన్న మనుషుల బొమ్మలు గీసి అమ్మే చిత్రకారుడు. సంపాదన అంతంతమాత్రం. తల్లి హన్నా పెళ్లికి ముందు పెద్దింట్లో పని చేసిన మనిషి. ఇల్లు నెట్టుకొచ్చింది ఆవిడే. కుటుంబం పూల్ అనే రేవు పట్టణంలో స్థిరపడింది. అక్కడ గాస్‌కు ఒక మేనత్త ఉండేది. సముద్రపు ఒడ్డున రాళ్లకు అతుక్కుని పువ్వులా విచ్చుకునే సీ అనిమోనిలను ఆ పిల్లవాడికి చూపించింది, వాటిని గిన్నెలో ఉప్పునీళ్లు పోసి ఉంచుకోవచ్చని చెప్పింది ఆమే. బొమ్మలు గీయడం తండ్రి నుంచి, జీవాలను చూడడం మేనత్త నుంచి వచ్చాయి. ఈ రెండూ చివరిదాకా ఆయన వెంటే ఉన్నాయి.

చదువు ఎక్కువ సాగలేదు. 15 ఏళ్లకే వర్తకుల కొట్టులో లెక్కలు రాసే గుమాస్తాగా చేరాడు. 1827లో, 17 ఏళ్ల వయసులో, అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్ దీవిలోని కార్బొనియర్ అనే ఊరికి గుమాస్తా పని మీదే వెళ్లాడు. చలి దేశం, చేపల వ్యాపారం, తెలిసినవాళ్లు లేరు. 1832లో సూక్ష్మదర్శినుల గురించిన ఒక పాత పుస్తకం కొనుక్కున్నాడు. ఆయన చదువు అసలు అక్కడ మొదలైంది. పగలు చిట్టా పుస్తకాలు, మిగిలిన వేళ పురుగులు, సీతాకోకచిలుకలు. కళాశాల గడప తొక్కలేదు. చూసింది చూసినట్టు రాసుకోవడమే ఆయనకు గురువు.

పంతులుద్యోగం

1835లో స్నేహితులతో కలిసి కెనడాలో పొలం కొన్నాడు. మూడేళ్లు చేశాడు, నష్టపోయాడు. 1838లో అమెరికా దక్షిణాన అలబామాకు వెళ్లి, పత్తి తోటల యజమానుల పిల్లలకు పాఠాలు చెప్పాడు. బడి అంటే దుంగలతో కట్టిన ఒక పాక. పాఠాలు అయ్యాక అడవిలో తిరిగి పురుగులను రంగుల్లో గీసేవాడు. ఆ బొమ్మలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అయితే ఆ తోటల్లో బానిసలను కొట్టే తీరు చూసి ఆయన మనసు విరిగిపోయింది. ఏడాది తిరగకుండానే, 1839లో, చేతిలో దాదాపు ఏమీ లేకుండా ఇంగ్లండు తిరిగొచ్చాడు. ఓడలో కూర్చుని రాసిన కెనడా ప్రకృతి పుస్తకం 1840లో అచ్చయింది. లండన్‌లో కూడా కొన్నాళ్లు చిన్న బడి నడిపాడు. 1844లో జమైకా వెళ్లి పక్షులను సేకరించాడు. అక్కడ ఆయన వెంట నడిచి, ఎన్నో పక్షులను పట్టి తెచ్చిన నల్లజాతి యువకుడు శామ్యూల్ క్యాంప్‌బెల్. ఆ పని ఫలితంగా 1847లో జమైకా పక్షుల పుస్తకం వచ్చింది. 1848లో ఎమిలీ బోస్ అనే రచయిత్రిని పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడు కొడుకు ఎడ్మండ్ పుట్టాడు.

సముద్రాన్ని ఇంట్లోకి తెచ్చినవాళ్లు

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ పని గాస్ ఒక్కడిదీ కాదు. లండన్‌లో నతానియేల్ వార్డ్ అనే వైద్యుడు మూసిన గాజు పెట్టెల్లో మొక్కలు పెంచి చూపించాడు. 1846లో ఆనా థిన్ అనే గృహిణి టోర్కీ తీరం నుంచి బతికున్న పగడపు జీవాలను లండన్ ఇంటికి తెచ్చుకుంది. ప్రతిసారీ కొత్త సముద్రపు నీళ్లు తేవడం కుదరదు కదా. అందుకని ఆ ఇంటి పనిమనిషి తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, నీళ్లను ఒక పాత్రలో నుంచి ఇంకో పాత్రలోకి చాలాసేపు పోసేది. కాఫీ తిరగబోసినట్టే. అలా నీళ్లలో గాలి కలిసేది, పగడాలు బతికేవి. తరువాత ఆమె ఆ నీళ్లలో సముద్రపు నాచు కూడా పెంచింది. ఇంట్లో పగడపు తొట్టి పెట్టిన తొలివాళ్లలో ఆమె పేరు చెప్పాలి, ఆ పనిమనిషి పేరు చరిత్రకు ఎక్కకపోయినా. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో చేపలు, నీటి మొక్క, నత్తలు కలిపి ఉంచి, అవి ఒకదాన్నొకటి ఎలా బతికిస్తాయో వివరించాడు.

గాస్ ఈ తోవలోకి అనారోగ్యం వల్ల వచ్చాడు. రాత పని ఎక్కువై తలనొప్పులతో బాధపడుతుంటే 1852లో డెవన్ తీరానికి వెళ్లాడు. అక్కడ ఆటుపోట్ల మధ్య రాళ్ల గుంటల్లో నడుము లోతు నీళ్లలో నిలబడి వెతికేవాడు. అప్పటిదాకా శాస్త్రానికి తెలియని ఒక ఎర్రని బంగారు చుక్కల పగడాన్ని ఇల్‌ఫ్రాకూమ్ దగ్గర కనిపెట్టి, 1853లో వర్ణించాడు. బలనోఫిల్లియా రీజియా అనే దాని శాస్త్రీయ నామం పక్కన ఈనాటికీ గాస్ పేరుంటుంది.

తెచ్చిన జీవాలను బతికించుకోవడం ఎలా? సముద్రపు నాచుకు వేళ్లుండవు, రాతిని పట్టుకుని ఉంటుంది. తెంపి తెస్తే కుళ్లి నీళ్లను పాడు చేస్తుంది. కాబట్టి గాస్ సుత్తి, ఉలి పట్టుకుని నాచును రాతిముక్కతో సహా చెక్కి తెచ్చేవాడు. వెలుతురులో నాచు ప్రాణవాయువును విడుస్తుంది, జంతువులు దాన్ని పీల్చుకుంటాయి. జంతువులు వదిలేది నాచుకు పనికొస్తుంది. ఈ లెక్క సరిపోయినన్నాళ్లు తొట్టి నిలుస్తుంది.

లండన్ జూలో 1853 మేలో చేపల ఇల్లు తెరిచారు. ప్రజలు చూడడానికి కట్టిన తొలి అక్వేరియం అదే. దానికి గాస్ తన జీవాలను ఇచ్చాడు, ఆ ఏడంతా తీరం నుంచి పెట్టెలకొద్దీ పంపాడు. మరుసటి ఏడు, 1854లో, అక్వేరియం పేరుతోనే పుస్తకం రాశాడు. అంతకుముందు ఇలాంటి తొట్టిని పలకడానికి కష్టమైన పొడుగు పేర్లతో పిలిచేవారు. గాస్ చిన్న మాట ఎంచుకున్నాడు. అదే లోకమంతా నిలిచింది.

నాలుగు ఉప్పులు, కొంత ఓపిక

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల సంగతేమిటి? పీపాల్లో నీళ్లు తెప్పించుకోవడం ఖర్చుతో కూడిన పని. గాస్ 1854లో ఇంట్లోనే సముద్రపు నీళ్లు కలిపి చూశాడు. సముద్రపు నీటిని శాస్త్రజ్ఞులు విడదీసి రాసిన లెక్కను ముందు పెట్టుకుని నాలుగే ఉప్పులు తీసుకున్నాడు. మామూలు వంట ఉప్పు దాదాపు 100 గ్రాములు, భేది ఉప్పుగా వాడే ఎప్సమ్ సాల్ట్ 7 గ్రాములు, మెగ్నీషియం క్లోరైడ్ సుమారు 13 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ రెండున్నర గ్రాములు. వీటికి నాలుగున్నర లీటర్లకు కాస్త తక్కువ మంచినీళ్లు. మిగతా పదార్థాలు కొద్దికొద్దిగా మంచినీళ్లలోనే ఉంటాయని వదిలేశాడు.

మా పిల్లలకు పనికొచ్చే పాఠం ఆ తరువాతిది. ఉప్పులు కరగగానే ఆయన జీవాలను వేయలేదు. నీళ్లను వడగట్టి, తీరపు రాళ్లను, వాటికి పట్టుకున్న పచ్చని నాచును మాత్రం వేసి, వెలుతురులో వారం రోజుల దాకా ఆగాడు. తరువాతే ఒక్కొక్క జీవాన్ని వదిలాడు. అవి బతికాయి.

ఆ ఆగడం ఎందుకు పనిచేసిందో ఆయన కాలంలో పూర్తిగా తెలియదు. జంతువుల మలినాల నుంచి పుట్టే అమ్మోనియా విషం. రాళ్ల మీద, ఇసుకలో ఉండే కొన్ని బాక్టీరియాలు దాన్ని ముందు నైట్రైటుగా, ఆపైన అంత హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ సంగతి రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో తేల్చాడు. అప్పటికి గాస్ లేడు. మా సీసాలో సముద్రపు నీళ్లున్నాయి. కానీ రాయి లేదు, నాచు లేదు, గాలి రాకపోక లేదు, మలినాన్ని మార్చే జీవులు తగినన్ని లేవు. పిల్లల ప్రశ్నకు మిగతా సగం జవాబు అదే.

కీర్తి, కష్టం

గాస్ పుస్తకాలు చదివి జనం తీరాలకు కదిలారు. రైళ్లు వచ్చాయి, గాజు మీద పన్ను 1845లోనే తీసేశారు. మధ్యతరగతి ఇళ్లలో తొట్టెలు వెలిశాయి. ఇల్‌ఫ్రాకూమ్‌లో, టెన్‌బీలో గాస్ ఒడ్డునే తరగతులు పెట్టి, ఆడవాళ్లకూ మగవాళ్లకూ రాళ్ల మధ్య పాఠాలు చెప్పాడు. 1856లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

ఆ ఏడే ఎమిలీకి రొమ్ము క్యాన్సర్ అని తెలిసింది. 1857 ఫిబ్రవరిలో ఆమె చనిపోయింది. కొడుకుకు ఇంకా ఎనిమిదేళ్లు నిండలేదు. అదే సంవత్సరం చివర, మతానికీ భూగర్భ శాస్త్రానికీ పొత్తు కుదర్చాలని ఆంఫలోస్ అనే పుస్తకం రాశాడు. భూమి పాతదిగా కనిపించేలాగే సృష్టి జరిగిందని అందులో వాదించాడు. శాస్త్రజ్ఞులూ ఒప్పుకోలేదు, మతం వైపు వాళ్లూ ఆదరించలేదు. ఆయన కొడుకును తీసుకుని డెవన్ తీరంలోని సెయింట్ మేరీచర్చ్‌కు వెళ్లిపోయి, బ్రిటన్ సీ అనిమోనిలు, పగడాల మీద రంగుల బొమ్మలతో పెద్ద గ్రంథం పూర్తి చేశాడు. అది 1860లో ముగిసింది. ఆ ఏడే ఎలైజా బ్రైట్‌వెన్‌ను పెళ్లి చేసుకున్నాడు. 1888 ఆగస్టు 23న, 78వ ఏట కన్నుమూశాడు.

కొడుకు ఎడ్మండ్ పెద్ద రచయిత అయ్యాడు. తండ్రి గురించి 1907లో రాసిన పుస్తకంలో ఒక బాధ చెప్పుకున్నాడు. చిన్నప్పుడు తండ్రితో కలిసి చూసిన రాళ్ల గుంటలు పెద్దయ్యాక బోసిపోయాయట. తండ్రి పుస్తకాలు చదివి ముచ్చటపడిన జనమే సుత్తులతో, గిన్నెలతో వచ్చి వాటిని ఊడ్చేశారు. సముద్రాన్ని అందరికీ చూపించాలనుకున్న మనిషి, తన మాట వల్లే అది చెడిందని తెలిసి నొచ్చుకున్నాడు. ఆయన జీవితంలో మమ్మల్ని ఎక్కువసేపు ఆపేసింది ఈ ఘట్టమే. పాఠం చెప్పేవాళ్లం కాబట్టి కావచ్చు.

మన తొట్టి మొదలుపెట్టాలంటే

ఇంట్లోనో బడిలోనో ఉప్పునీటి తొట్టి పెట్టాలనుకునేవాళ్లకు ఆయన పద్ధతి ఈనాటికీ దారి చూపుతుంది. తొట్టి కొంచెం పెద్దదే మేలు. నీళ్లు ఎక్కువుంటే చిన్న పొరపాట్లను తట్టుకుంటాయి. అంగట్లో దొరికే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని శుద్ధి చేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాములు వచ్చేలా కలపాలి. పంపు పెట్టి నీటిని కదుపుతుండాలి. పగడాలకు వెలుతురుతో పాటు 24 నుంచి 27 డిగ్రీల వేడి కావాలి. రాళ్లు వేశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి, నీటిలో అమ్మోనియా, నైట్రైటు లేవని పరీక్షించుకున్నాకే ఒక్క గట్టి జీవాన్ని వదలాలి. నీరు ఆవిరైతే ఉప్పునీళ్లు కాదు, మంచినీళ్లు పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు.

ఒకటి మాత్రం మరవకూడదు. మన దేశంలో రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. వాటిని తీరం నుంచి తేవడం, కొనడం నేరం.

ఈసారి గోపాల్‌పూర్ వెళ్లినప్పుడు మా పిల్లలు సీసాలు తీసుకెళ్లలేదు. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు తీసుకెళ్లారు. ఆ పిల్లవాడు ఒక పీతను బొమ్మ గీసి, దాని కాళ్లు లెక్కపెట్టి, గూటిలోకి పోయేదాకా చూసి వచ్చాడు.