సిలువయొద్ద నిలుచుట
ధ్యాన భాగము: యోహాను సువార్త 19:25–27



మన ప్రభువు సిలువమీద వ్రేలాడుచున్నప్పుడు ఆయన తల్లియు, మరికొందరు స్త్రీలును, ఆయన ప్రేమించిన శిష్యుడును దగ్గర నిలిచియుండిరని యోహాను వ్రాసెను. మేకులు ఊడదీయుటకు వారికి శక్తి లేదు. బాధ తగ్గించుటకు వారిచేత మందు లేదు. అయినను వారు వెళ్లిపోలేదు.

మన గ్రామములలోను అట్టి ఇండ్లు కలవు. ఊపిరితిత్తులలో క్యాన్సర్, అనగా రాచపుండు, ముదిరి, పండుకొంటే శ్వాస ఆడని తండ్రి వీపు నిమురుచు తెల్లవారువరకు కూర్చుండు కుమార్తె నాచేత ఏమి అగునని ఏడ్చును. ఆమె వంటివారి కొరకు రక్షణ సైన్యమును స్థాపించిన జనరల్ విలియం బూత్‌గారి జీవితములోని ఒక భాగమును ఈ నెల తలంచుకొందము.

విలియం బూత్‌గారు 1829లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పట్టణములో జన్మించిరి. అదే సంవత్సరమున జన్మించిన కేథరిన్ మమ్‌ఫర్డ్ అను విశ్వాసురాలిని 1855లో వివాహమాడిరి. దేవుడు వారికి ఎనమండుగురు బిడ్డలను దయచేసెను. 1865లో లండను తూర్పు భాగమున బీదలమధ్య వారు ఆరంభించిన పనికి 1878లో రక్షణ సైన్యము అను పేరు కలిగెను. స్త్రీలు బోధించుట అరుదైన ఆ దినములలో కేథరిన్‌గారు గొప్ప బోధకురాలు. బాపట్లలో కుష్ఠురోగుల ఆసుపత్రికి ఎవరి పేరు పెట్టబడినదో ఆ ఈవాంజలీన్ బూత్‌గారు వీరి కుమార్తెయే.

1888 ఫిబ్రవరిలో కేథరిన్‌గారు తన రొమ్ములోని గడ్డను సర్ జేమ్స్ పేజెట్ అను ప్రసిద్ధ వైద్యునికి చూపించుకొనిరి. అది క్యాన్సరనియు, వెంటనే శస్త్రచికిత్స చేయవలెననియు ఆయన చెప్పెను. ఎంత కాలము బ్రదుకుదునని ఆమె అడుగగా, ఏడాదిన్నర మొదలు రెండేండ్లవరకని తెలిపెను. ఆమె ఒంటరిగా గుర్రపు బండిలో ఇంటికి వచ్చుచు, ఆ బండిలోనే మోకరించి ప్రార్థించెను.

బూత్‌గారు వాకిటికి ఎదురు వచ్చిరి. ఆమె కన్నీళ్లతోనే చిరునవ్వు నవ్వి సంగతి చెప్పెను. తన మరణమునుగూర్చి కాక, భర్త చివరి గడియలో ఆయనకు పరిచర్య చేయుటకు తాను ఉండనని ఆమె మొదట చింతించెను. వేలమందికి ఆదరణ బోధించిన ఆ మనుష్యుడు మాట రాక నిలిచిపోయెను. లోకమంతయు ఆగిపోయినట్లు ఆయనకు తోచెను. ఎదుటి గోడమీద సిలువ వేయబడిన క్రీస్తు పటము ఉండెను. అంతకుముందెన్నడును లేనంతగా ఆ పటము అప్పుడు తనకు అర్థమైనదని ఆయన తరువాత తెలియజేసెను.

ఆ రాత్రి ఆయన హాలండు దేశమునకు సువార్త పనిమీద బయలుదేరవలసియుండెను. మానుకొందునని ఆయన అనగా ఆమె ఒప్పుకొనలేదు. ఆయన వెళ్లెను గాని మనస్సు ఇంటనే ఉండగా త్వరలో తిరిగి వచ్చెను. పిలుపు ఒక ప్రక్క, రోగి మంచము ఒక ప్రక్క: ఈ పెనుగులాట రోగిని ఇంట ఉంచి కూలికి పోవు ప్రతి భర్తకును, భార్యకును తెలిసినదే.

కేథరిన్‌గారు శస్త్రచికిత్సకు అంగీకరింపలేదు. అది ఆ కాలమున ఆమె చేసికొనిన నిర్ణయము. మనకు నియమము కాదు. నేడు వైద్యము ఎంతో మారినది. గడ్డ కనబడినను, దగ్గు వారములకొలది మానకున్నను, దగ్గినప్పుడు రక్తము పడినను దాచుకొనక వైద్యునియొద్దకు వెళ్లవలెను.

1888 జూన్ 21న ఆమె లండనులోని సిటీ టెంపుల్ ఆలయములో చివరి ప్రసంగము చేసెను. ముగించిన పిమ్మట అక్కడనుండి కదలుటకు సత్తువ లేకపోయెను. 1889లో ఆమెను సముద్రతీరమున క్లాక్టన్ అను ఊరికి తీసికొని వెళ్లిరి. బూత్‌గారు పని విడువలేదు, ఆమెను విడువలేదు. పనిలేనివారికిని ఇల్లులేనివారికిని దారి చూపుటకు ఆయన పెద్ద గ్రంథము సిద్ధపరచుచు, ఆ తలంపులన్నియు ఆమెతో పంచుకొనెను. బాధలోనే ఆమె ఆలోచన చెప్పి, దానిలో కొంత ఊరట పొందెను. రోగిని కేవలము రోగిగా చూడక తోటి పనివారినిగా ఎంచుట ఎంత మేలు! మంచముమీద ఉన్న తండ్రిని పొలము సంగతి అడుగుడి. తల్లిని మనుమరాలి పెండ్లి మాట అడుగుడి.

అంత్యకాలము సమీపించినప్పుడు ఆమె తన ఉంగరము తీసి భర్త వ్రేలికి తొడిగి, తమ ఐక్యము నిత్యత్వమునకును నిలుచునని తెలిపెను. 1890 అక్టోబరు 4న ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆ గ్రంథము ఆ నెలలోనే వెలువడెను. ఆయన మరల వివాహము చేసికొనలేదు. 1912 ఆగస్టు 20న మరణించువరకు, చూపు పోయిన చివరి నెలలలో సహితము, ఆమెతో కలిసి ఆరంభించిన పనిని విడువలేదు.

సహోదరులారా, వ్యాధి తొలగలేదు గనుక ప్రార్థన వ్యర్థమైనదని చెప్పకుడి. రోగికి విశ్వాసము చాలలేదని మంచముయొద్ద పలుకకుడి. ఆ మాట పుండుమీద కారము. మంచి సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసెను (లూకా 10:34). నొప్పిని, ఆయాసమును తగ్గించు మందులు నేడు కలవు. వైద్యుడు చెప్పినట్లు మార్ఫిన్ ఇప్పించుట అవిశ్వాసము కాదు, ప్రేమ. తల ఎత్తుగా పెట్టి, కిటికీ తెరచి, మెల్లగా విసరుటయు పరిచర్యయే. సంఘస్థులు ఒక్కొక్క రాత్రి వంతు తీసికొని, అలసిన ఇల్లాలిని కొంతసేపు నిద్రపోనిచ్చుట దీర్ఘ ప్రార్థనకంటె తక్కువైనది కాదు.

మేకులు ఊడదీయలేకపోయినను సిలువయొద్ద నిలువవచ్చును. అట్లు నిలిచినవారిని ప్రభువు చూచెను. తన తల్లిని శిష్యునికి అప్పగించెను. మీ ఇంటి మంచముయొద్ద నిలిచిన మిమ్మును ఆయన చూచుచున్నాడు.

ప్రార్థన: ప్రభువా, బాధపడు మా వారి ప్రక్కన విసుగక నిలుచుటకు బలమిమ్ము. మేము అలసినప్పుడు మా ప్రక్కన నీవు నిలువుము. ఆమేన్.